పాత టాబ్లెట్‌కు ఏ రోమ్ వేయాలి? ముందు రాత్రి పరీక్ష, ఆ తర్వాతే వెర్షన్ నంబరు

రాత్రి పడుకోబోయే ముందు టాబ్లెట్ బ్యాటరీ 80 శాతం ఉంది. వైఫై ఆన్‌లోనే వదిలేసి, స్క్రీన్ ఆపి పక్కన పెట్టాం. పొద్దున చూస్తే 76 ఉంది. అయితే ఆ రోమ్, అంటే టాబ్లెట్‌లో వేసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్, స్టేబుల్. పొద్దునకి 40కి పడిపోయిందంటే అందులో ఆండ్రాయిడ్ ఎంత కొత్తదైనా, మెనూలు ఎంత ముచ్చటగా ఉన్నా నా లెక్కలో అది స్టేబుల్ కాదు. ఫోన్‌ని రోజూ ఛార్జింగ్ పెడతాం కాబట్టి ఈ లోపం అంతగా బయటపడదు. టాబ్లెట్ సంగతి వేరు. రెండు మూడు రోజులు ఎవరూ దాని ముఖం చూడరు, కానీ చేతిలోకి తీసుకున్న క్షణాన వెలగాలి.

చేతులు కాల్చుకుని తెలుసుకున్న విషయమిది. నా దగ్గర 2013 నాటి నెక్సస్ 7 ఉంది. దానికి ఒకసారి, అప్పటికి దొరికినవాటిలో అన్నిటికంటే కొత్త ఆండ్రాయిడ్ ఉన్న అనధికారిక బిల్డ్ (ఎవరో సొంతంగా తయారుచేసిన రోమ్ ఫైలు) వేశాను. పగలంతా పరుగులు పెట్టింది. రాత్రి 70 శాతంతో బల్ల మీద పెట్టి పొద్దున తీస్తే 31. వెనక వైపు చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఎవరూ వాడని టాబ్లెట్ వెచ్చగా ఎందుకుండాలి? సీపీయూ స్పై అనే చిన్న యాప్ వేసి చూస్తే 'డీప్ స్లీప్' ఎదురుగా సున్నా. అంటే ప్రాసెసర్ రాత్రంతా కన్ను మూయలేదన్న మాట. మూడు రోజులు దానితో కుస్తీ పట్టి, చివరికి ఒక ఆండ్రాయిడ్ వెర్షన్ వెనక్కి వెళ్లాను. అదే టాబ్లెట్, అదే ముసలి బ్యాటరీ, రాత్రికి నాలుగు శాతం ఖర్చు. అప్పటినుంచి ఎవరు సలహా అడిగినా 'ఏది కొత్తది' అన్న ప్రశ్నను పక్కన పెట్టించి 'ఏది నిద్రపోతుంది' అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

ఇంకో చిన్న సంగతి. ర్యామ్, రోమ్ రెండింటినీ మనవాళ్లు 'రామ్' అనేసి గందరగోళం చేస్తుంటారు. ఇక్కడ మెమరీని ర్యామ్ అనీ, టాబ్లెట్‌లో వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రోమ్ అనీ అంటాను.

అసలు మార్చాలా?

రోమ్ వేట మొదలుపెట్టే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి రెండు రోజులు వాడి చూడండి. 'కొత్త రోమ్ వేశాక టాబ్లెట్ గుర్రంలా పరిగెడుతోంది' అని చెప్పేవాళ్ల అనుభవంలో సగం పుణ్యం డేటా మొత్తం చెరిపేయడానిదే. పాత టాబ్లెట్లలో ఉండే ఈఎంఎంసీ స్టోరేజీ నిండిపోయే కొద్దీ రాత వేగం చచ్చిపోతుంది. ఖాళీ అయిన బ్లాకులేవో స్టోరేజీ చిప్‌కు చెప్పే 'ట్రిమ్' పని ఆండ్రాయిడ్‌లోకి 2013లో, 4.3 వెర్షన్‌తో వచ్చింది. 2012 నెక్సస్ 7 కొన్నవాళ్లకు ఏడాది తిరగకుండానే నత్తనడక ఎందుకొచ్చిందో, ఆ అప్‌డేట్‌తో కాస్త ఊపిరి ఎందుకు పోసుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాబట్టి 'స్లోగా ఉంది' అన్నదొక్కటే బాధ అయితే రీసెట్‌తోనే సగం తీరవచ్చు. స్టోరేజీ చిప్పే అరిగిపోయి ఉంటే ఏ రోమూ దాన్ని బాగు చేయలేదు.

మార్చడానికి నిజమైన కారణం వేరే ఉంది. పాత ఆండ్రాయిడ్‌లో లోకం ఒక్కొక్క తలుపూ మూసేస్తోంది. నెక్సస్ 7 (2013)కు కంపెనీ ఇచ్చిన ఆఖరి ఆండ్రాయిడ్ 6.0.1. ఆండ్రాయిడ్ 6కు క్రోమ్ కొత్త వెర్షన్లు 2022లో ఆగిపోయాయి. అంతకంటే ఇబ్బందిపెట్టేది సర్టిఫికెట్ల, అంటే సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే ధ్రువపత్రాల గొడవ. ఇంటర్నెట్‌లో లెక్కలేనన్ని సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్‌ను ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే గుర్తుపడుతుంది. అంతకంటే పాత పరికరాల కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. దాంతో పాత టాబ్లెట్‌లో సైటు తెరవబోతే 'మీ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఎర్ర హెచ్చరిక వస్తుంది. చాలామంది అప్పుడు తేదీ తప్పు ఉందేమోనని గడియారం సరిచేస్తూ కూర్చుంటారు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితా తానే వెంట తెచ్చుకుంటుంది గనుక కొన్నాళ్లు దానితో నెట్టుకురావచ్చు. మిగతా యాప్‌లకు ఆ వెసులుబాటు లేదు. టాబ్లెట్ ఈ దశకు చేరి ఉంటే మార్చండి. ఆండ్రాయిడ్ 10 లేదా ఆపైన నడుస్తూ, చేయాల్సిన పని చేస్తూ ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి.

పేరును నమ్మకండి, కోడ్‌నేమ్ చూడండి

ఎంపిక మన చేతిలో ఉందనుకుంటాం గానీ సగానికి పైగా టాబ్లెట్టే ఎంచేస్తుంది. దానికి ఏ రోమ్‌లు ఉన్నాయి, బూట్‌లోడర్ (వెలగగానే ఏ రోమ్‌ను నడపాలో చూసే కాపలా ప్రోగ్రామ్) తెరుచుకుంటుందా లేదా అన్న రెండింటితోనే చాలా దారులు మూసుకుపోతాయి.

నెక్సస్ 7 పేరుతోనే రెండు వేర్వేరు యంత్రాలున్నాయి. 2012దాని లోపలి పేరు, అంటే కోడ్‌నేమ్, 'గ్రూపర్'. టెగ్రా 3 చిప్, 1 జీబీ ర్యామ్. 2013 వైఫై మోడల్ 'ఫ్లో'. స్నాప్‌డ్రాగన్ ఎస్4 ప్రో, 2 జీబీ ర్యామ్. ఒకదాని రోమ్ ఇంకోదానికి పనికిరాదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్2 ఇంకా తికమక. 2015లో వచ్చిన ఎస్ఎం-టీ810లో ఎక్సినోస్ చిప్ ఉంది, మరుసటి ఏడాది అదే పేరుతో, అదే రూపంతో వచ్చిన ఎస్ఎం-టీ813లో స్నాప్‌డ్రాగన్ 652 ఉంది. పెట్టె మీద రెండింటికీ ఒకటే పేరు. అందుకని సెట్టింగ్స్‌లో 'అబౌట్ టాబ్లెట్' తెరిచి మోడల్ నంబర్ అక్షరం అక్షరం రాసుకోండి. వైఫై మోడల్‌కూ సిమ్ మోడల్‌కూ కూడా కోడ్‌నేమ్ మారుతుంది. ఆ కోడ్‌నేమ్ దొరికాకే వెతుకులాట మొదలుపెట్టాలి.

తర్వాత బూట్‌లోడర్. నెక్సస్, పిక్సెల్ టాబ్లెట్లకు ఒక కమాండ్‌తో పని అయిపోతుంది. శాంసంగ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఓఈఎం అన్‌లాకింగ్' స్విచ్ కనిపించాలి. షావోమీకి వాళ్ల టూల్‌తో అర్జీ పెట్టుకుని చాలాసార్లు వారం దాకా ఆగాలి. హువావే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం 2018లోనే మానేసింది. అమెజాన్ ఫైర్ టాబ్లెట్ల బూట్‌లోడర్లు తాళం వేసే వస్తాయి. కొన్ని పాత మోడళ్లకు ఎవరో కనిపెట్టిన కన్నాలున్నాయి గానీ, మొదటిసారి రోమ్ వేసేవాళ్లు తలదూర్చాల్సిన చోటు కాదది. ఐప్యాడ్‌కు ఇలాంటి దారే లేదు. దేనికైనా సరే, అన్‌లాక్ చేయగానే టాబ్లెట్‌లో ఉన్నదంతా తుడుచుకుపోతుంది. ఫొటోలు ముందే కాపీ చేసుకోండి.

అధికారిక లీనియేజ్ ఓఎస్

మీ కోడ్‌నేమ్‌కు లీనియేజ్ ఓఎస్ (ఔత్సాహికులు కలిసి నడిపే ఆండ్రాయిడ్ రోమ్) అధికారిక బిల్డ్ ఇప్పటికీ వస్తూ ఉంటే మిగతా వ్యాసం చదవకపోయినా నష్టం లేదు, అదే వేసుకోండి. అంతకుముందున్న సైనోజెన్‌మాడ్ రోమ్ 2016 చివర్లో మూతపడ్డప్పుడు అందులోని వాళ్లే దాన్ని లీనియేజ్ పేరుతో కొనసాగించారు. అధికారిక జాబితాలో చోటు దొరకాలంటే వైఫై, బ్లూటూత్, కెమెరా, శబ్దం లాంటివి పనిచేయాలి, ఎస్ఈలినక్స్ అనే రక్షణ వ్యవస్థ 'ఎన్‌ఫోర్సింగ్' స్థితిలో ఉండాలి. బిల్డ్‌లు సాధారణంగా వారానికొకటి వస్తాయి, ప్రాజెక్టు సొంత తాళంతో సంతకమై వస్తాయి, టాబ్లెట్‌లోంచే అప్‌డేట్ చేసుకోవచ్చు. 2020లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఏ7 (ఎస్ఎం-టీ500), ట్యాబ్ ఎస్6 లైట్ లాంటివి ఈ జాబితాకెక్కాయి. 3, 4 జీబీ ర్యామ్ ఉన్న అలాంటి టాబ్లెట్లకు ఇంతకంటే ఆలోచించాల్సిన పని లేదు.

నంబర్ల లెక్క ఒకసారి చెప్పుకుందాం. లీనియేజ్ 14.1 అంటే ఆండ్రాయిడ్ 7.1. 16 అంటే 9. 17.1 అంటే 10. 18.1 అంటే 11. 20 అంటే 13. 21 అంటే 14. ఈ వరుసలో 18కీ 19కీ మధ్య పెద్ద గోడ ఉంది. పాత టాబ్లెట్ ఉన్నవాళ్లందరూ తెలుసుకోవాల్సిన గోడ అది.

ఆండ్రాయిడ్ 12లో గూగుల్ నెట్‌వర్క్ లెక్కల కోసం ఐపీటేబుల్స్ పద్ధతిని పక్కనపెట్టి ఈబీపీఎఫ్ అనే కెర్నల్ (హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే ఓఎస్ గుండె) సదుపాయం మీద ఆధారపడింది. పాత కెర్నళ్లలో అది లేదు. 4.4 కెర్నల్‌లోకి దాన్ని వెనక్కి తెచ్చి అతికించగలిగారు. 3.18, అంతకంటే పాతవాటికి మాత్రం కుదరలేదు. అందుకే 2022లో లీనియేజ్ 19 వచ్చినప్పుడు ఆ కెర్నళ్ల మీద నడిచే పరికరాలన్నీ అధికారిక జాబితాలో ముందుకు వెళ్లలేకపోయాయి. మీ టాబ్లెట్‌లో 'కెర్నల్ వెర్షన్' 3.4 అనో 3.10 అనో ఉంటే, దానికి ఎవరైనా ఆండ్రాయిడ్ 13 బిల్డ్ ఇచ్చారంటే ఎక్కడో ఏవో అతుకులు వేసి నడిపిస్తున్నారని అర్థం. అతుకులు వేసినవాళ్ల నైపుణ్యానికి దణ్ణం పెట్టవచ్చు, కానీ రోజువారీ వాడకానికి అలాంటి బిల్డ్‌ను నేను పెట్టుకోను. నన్ను రాత్రంతా మేలుకొని పలకరించిన బిల్డ్ ఈ జాతిదే.

అధికారికం అంటే శాశ్వతం అని కాదు. నెక్సస్ 7 (2013)కు అధికారిక లీనియేజ్ 18.1 దాకా వచ్చి ఆగిపోయింది. అది వేయడానికి కూడా ముందు స్టోరేజీ పార్టిషన్లను మళ్లీ విభజించాలి, ఎందుకంటే 2013లో ఇచ్చిన సిస్టమ్ పార్టిషన్‌లో ఆండ్రాయిడ్ 11 పట్టదు. అలా విభజించిన టాబ్లెట్‌కు కోడ్‌నేమ్ కూడా 'ఫ్లో' కాదు, 'ఫ్లోఎక్స్' అవుతుంది. ఆ తేడా గమనించకుండా జిప్ దించుకుని, రికవరీ (రోమ్‌ను ఎక్కించే చిన్న వ్యవస్థ) ఒప్పుకోకపోతే రికవరీని తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంకో మాట. లీనియేజ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీలు రెండు కనిపిస్తాయి. ఒకటి ఆండ్రాయిడ్‌ది, రెండోది వెండర్ (తయారీ కంపెనీ) ప్యాచ్ స్థాయి. మొదటిది కిందటి నెలది కావచ్చు. రెండోది కంపెనీ చేతులెత్తేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చిప్ డ్రైవర్లు, ఫర్మ్‌వేర్‌లలోని కన్నాలను రోమ్ పూడ్చలేదు. పుస్తకాలు, వీడియోల టాబ్లెట్‌కు ఇది పెద్ద సమస్య కాదు. ఆఫీసు రహస్యాలు పెట్టుకునే టాబ్లెట్‌కు అవుతుంది.

అనధికారిక బిల్డ్‌ను ఎలా చదవాలి

పదేళ్ల నాటి టాబ్లెట్లకు ఎక్కువగా దొరికేవి ఇవే. ఎవరో ఒక్కరు, తమ ఖాళీ సమయంలో, తమ దగ్గరున్న టాబ్లెట్ మీద చేసినవి. వీటిలో ఆణిముత్యాలున్నాయి, గండాలూ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి ఆ రోమ్ పరిచయ పేజీలో 'పనిచేయనివి' అన్న భాగం నేను ముందు చదువుతాను. 'ముందు కెమెరాతో వీడియో తీస్తే ఆకుపచ్చ గీతలు వస్తాయి, బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు పనిచేయదు' అని విడమరిచి రాశారంటే ఆ మనిషి టాబ్లెట్‌ను నిజంగా వాడుతున్నాడు. 'బగ్స్: మీరే చెప్పండి' అని రాసి ఉంటే అక్కడినుంచి తిరిగి వచ్చేయండి. అది వినయం కాదు, పరీక్షించలేదని ఒప్పుకోవడం.

తర్వాత బిల్డ్‌ల తేదీలు. ఆరు నెలల్లో ఐదారు బిల్డ్‌లు, ప్రతిదానికీ ఏం మార్చారో రెండు ముక్కలు ఉంటే మెయింటెయినర్ (బిల్డ్ చేసే మనిషి) బతికి ఉన్నట్టే. ఒకే ఒక్క బిల్డ్ ఇచ్చి కొత్త వెర్షన్ అని చాటింపు వేసి మాయమైనవాళ్లూ ఉంటారు. సోర్స్ కోడ్, ముఖ్యంగా కెర్నల్ కోడ్ లింకు ఉందా చూడండి. కెర్నల్, కోడ్‌ను పంచాలనే జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి ఇవ్వడం బాధ్యత కూడా.

వేసిన తర్వాత, కంప్యూటర్ నుంచి టాబ్లెట్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో 'గెట్‌ఎన్‌ఫోర్స్' అని కొడితే ఎస్ఈలినక్స్ స్థితి చెబుతుంది. 'పర్మిసివ్' అని వస్తే గుమ్మానికి తలుపు బిగించి గడియ పెట్టనట్టు. చాలాసార్లు ఏదో హార్డ్‌వేర్ పనిచేయించడానికి దగ్గరి దారిగా అలా వదిలేస్తారు. బిల్డ్ వివరాల్లో 'టెస్ట్-కీస్' అని ఉంటే అది లోకమంతటికీ తెలిసిన తాళంచెవితో సంతకమైంది. సినిమాలు చూసుకునే టాబ్లెట్‌లో ఈ రెండూ ఉన్నా పోనీలే అనుకోవచ్చు. మీ ప్రధాన మెయిల్ ఖాతా పెట్టబోతుంటే వద్దు. ఒకరి తాళంతో సంతకమైన బిల్డ్ నుంచి వేరొకరి బిల్డ్‌కు, అది లీనియేజే అయినా, డేటా చెరపకుండా మారబోతే సాధారణంగా తలనొప్పే మిగులుతుంది.

లీనియేజ్ పిల్లలు

సీఆర్‌డ్రాయిడ్ లాంటివి లీనియేజ్ మీదే కట్టినవి, సెట్టింగ్స్ ఎక్కువ. స్టేటస్ బార్ గడియారం రంగు మార్చడం ముఖ్యమైతే బాగుంటాయి. కానీ కింద ఉన్న డివైస్ కోడ్, కెర్నల్ చాలావరకు లీనియేజ్‌దే కాబట్టి లీనియేజ్‌లో నిద్రపోని టాబ్లెట్ వీటిలో అద్భుతంగా నిద్రపోతుందని ఆశించవద్దు. పేరున్న ప్రాజెక్టులు కూడా హఠాత్తుగా ఆగిపోతాయి. పిక్సెల్ ఎక్స్‌పీరియన్స్ 2024లో అలాగే ఆగింది.

/ఈ/ ఓఎస్ కాస్త వేరు. మాండ్రేక్ లినక్స్ మొదలుపెట్టిన గాయెల్ దువాల్ ప్రారంభించిన ప్రాజెక్టు. ఆ గీతలు తీసేస్తే తెలుగులో అది 'ఈ ఓఎస్' అయిపోయి, ఏ ఓఎస్ అని ఎదురు ప్రశ్న వస్తుంది! గూగుల్ సేవల బదులు మైక్రోజీ అనే తేలికైన ప్రత్యామ్నాయం ముందే అందులో ఉంటుంది. గూగుల్ ఖాతా లేకుండా, ఏదీ విడిగా ఫ్లాష్ చేయకుండా (రికవరీ నుంచి ఎక్కించకుండా) కాలం గడపాలనుకునేవాళ్లకు ఇది తయారుగా ఉన్న దారి. మీ టాబ్లెట్ దాని జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, అంతే.

జీఎస్ఐ: అన్నిటికీ సరిపోయే చొక్కా

2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్, ఆండ్రాయిడ్‌నూ కంపెనీ డ్రైవర్లనూ వేరు చేసింది. దాంతో ఒకే సిస్టమ్ ఇమేజ్‌ను రకరకాల పరికరాల్లో వేయడం వీలైంది. దాన్నే జీఎస్ఐ అంటారు. ఆండ్రాయిడ్ 8 లేదా తర్వాతి వెర్షన్‌తో పుట్టిన టాబ్లెట్‌కు ప్రత్యేకంగా ఎవరూ రోమ్ చేయకపోతే ఇది ఆఖరి ఆశ. 'ట్రెబుల్ ఇన్ఫో' లాంటి యాప్ మీ టాబ్లెట్‌కు ఏ రకం ఇమేజ్ కావాలో చెబుతుంది. కొన్ని టాబ్లెట్లలో ప్రాసెసర్ 64 బిట్‌దైనా కంపెనీ పెట్టిన వ్యవస్థ 32 బిట్‌ది. అక్కడ ఆర్మ్64 ఇమేజ్ వేస్తే బూట్ కాదు, ఏ64 కావాలి. లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

జీఎస్ఐతో స్టేబుల్‌గా ఉంటుందా? మీ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ల పొర ఎంత పద్ధతిగా ఉందన్నదాన్ని బట్టి. బ్రైట్‌నెస్ స్లైడర్ పనిచేయకపోవడం, బ్లూటూత్‌లో పాట రాకపోవడం, టాబ్లెట్ తిప్పితే స్క్రీన్ తలకిందులవడం లాంటి చిల్లర చికాకులు సర్వసాధారణం. దీనికో మంచి గుణం ఉంది: కంపెనీ ఇచ్చిన కెర్నల్, డ్రైవర్లు అలాగే ఉంటాయి కాబట్టి నిద్ర విషయంలో మోసం తక్కువ. కంపెనీ ఆఖరి అప్‌డేట్ ముందు పూర్తిగా వేసుకుని, ఆ తర్వాత జీఎస్ఐ వేయండి. కంపెనీ ఇచ్చిన అసలు ఫర్మ్‌వేర్ ఫైలు చేతిలో పెట్టుకోకుండా మాత్రం ఈ పనికి దిగవద్దు.

ఆండ్రాయిడ్ వద్దనుకుంటే

ఉబుంటు టచ్ అనే లినక్స్ వ్యవస్థను కానానికల్ కంపెనీ 2013లో మొదలుపెట్టి 2017లో వదిలేస్తే, యూబీపోర్ట్స్ సముదాయం ఎత్తుకుని ఇప్పటికీ నడుపుతోంది. టాబ్లెట్‌లో దాని రూపు బాగుంటుంది. సైగలు అలవాటయితే పక్కపక్కన రెండు కిటికీలు పెట్టుకోవడం ఆండ్రాయిడ్‌లో కంటే హాయి. నెక్సస్ 7 (2013) లాంటి కొన్నిటికి పోర్టులు వచ్చాయి. యాప్‌లు మాత్రం కొద్దే. బ్రౌజర్, పుస్తకాలు, టెర్మినల్ చాలనుకుంటే సరే.

పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ఆల్పైన్ లినక్స్ మీద కట్టింది, 2017లో బయటికొచ్చింది. పాత పరికరాన్ని కంపెనీ కెర్నల్ నుంచి విడిపించి లినక్స్ అసలు ప్రాజెక్టు విడుదల చేసే మెయిన్‌లైన్ కెర్నల్ మీద నడపాలన్నది దాని పట్టుదల. 2012 నెక్సస్ 7కు కావాల్సిన వివరణ ఫైలు మెయిన్‌లైన్ లినక్స్‌లోకి చేరిపోయింది కూడా. 1 జీబీ ర్యామ్‌తో కొత్త ఆండ్రాయిడ్‌ను లాగలేని ఆ టాబ్లెట్ మీద, ఇవాళ్టి కెర్నల్ నడవడం చూస్తే భలే సరదా. కానీ నిజం చెప్పాలి: పోర్టు పోర్టుకూ పనిచేసే భాగాలు మారతాయి, కెమెరా మీద ఆశ పెట్టుకోకండి, వీడియో చూసేటప్పుడు ప్రాసెసర్ చెమటలు కక్కుతుంది. గోడకు తగిలించి, గడియారాన్నో సర్వర్ లెక్కలనో చూపించే బోర్డుగా వాడితే మెచ్చుకోదగ్గది. ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఇచ్చేది కాదు.

విండోస్‌తో వచ్చిన ఇంటెల్ టాబ్లెట్ల గురించి ఒక్క మాట. ఆటమ్ జెడ్3735ఎఫ్ లాంటి చిప్‌లున్న వాటిలో ప్రాసెసర్ 64 బిట్, కానీ యూఈఎఫ్ఐ (యంత్రాన్ని మొదలుపెట్టే ఫర్మ్‌వేర్) 32 బిట్. మామూలు లినక్స్ పెన్‌డ్రైవ్ కనబడనే కనబడదు. 32 బిట్ యూఈఎఫ్ఐకి మద్దతున్న ఇమేజ్ వెతుక్కోవాలి.

గూగుల్ యాప్‌లు: సగం వేగం ఇక్కడే ఉంది

రోమ్ ఎంపికకు ఎంత సమయం పెడతారో దీనికీ అంత పెట్టండి. లీనియేజ్‌లో ప్లే స్టోర్ ఉండదు. మైండ్‌ద గ్యాప్స్ లాంటి ప్యాకేజీని రోమ్ వేసిన వెంటనే, మొదటిసారి బూట్ కాకముందే ఫ్లాష్ చేయాలి. బూట్ అయ్యాక గుర్తొచ్చి వేస్తే ప్లే సర్వీసెస్ ఆగిపోయిందంటూ నిమిషానికోసారి కబురు పెడుతుంది, చివరికి మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది.

1 జీబీ ర్యామ్ టాబ్లెట్‌లో గూగుల్ సేవలు వేయకండి. రోమ్ ఎంత తేలికైనా, అవి ఎక్కగానే వేగం మీకు తెలిసిపోతుంది. ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోరు పెట్టుకుని వీఎల్‌సీ, ఒక పుస్తకాల యాప్, ఒక బ్రౌజర్ వేసుకుంటే చాలామందికి అవసరం తీరిపోతుంది. 2 జీబీ ఉంటే అతి చిన్న ప్యాకేజీ, అంతకు మించి వద్దు. నా నెక్సస్ 7లో గూగుల్ సేవలు వేసి ఒక నెల, తీసేసి ఒక నెల వాడాను. తీసేశాక పీడీఎఫ్ పేజీ తిప్పడంలో తడబాటు పోయింది, రాత్రి ఖర్చు కూడా రెండు శాతం తగ్గింది. పిల్లలకో పెద్దవాళ్లకో ఇచ్చే టాబ్లెట్ అయితే మాత్రం ప్లే స్టోర్ లేకుండా ఇస్తే రోజుకు నాలుగుసార్లు మిమ్మల్నే పిలుస్తారు.

తిరిగి రానివి

బూట్‌లోడర్ తెరిచాక కొన్ని పోతాయి. చాలా టాబ్లెట్లలో వీడియోల కాపీ రక్షణ వ్యవస్థ వైడ్‌వైన్ పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కి పడిపోతుంది. డబ్బు కట్టి చూసే వీడియో సేవలు హెచ్‌డీ ఇవ్వకుండా మసక బొమ్మే చూపిస్తాయి. ఏడంగుళాల తెర మీద సర్దుకుపోవచ్చు, పదంగుళాలు, ఆపైన తెరల మీద కనిపిస్తుంది. టాబ్లెట్ పని అదొక్కటే అయితే కంపెనీ రోమ్‌లోనే ఉండిపోవడం తెలివైన పని. బ్యాంకు యాప్‌లలో కొన్ని ప్లే ఇంటెగ్రిటీ (పరికరంలో మార్పులు చేశారా అని చూసే గూగుల్ తనిఖీ) పరీక్ష పెట్టి ససేమిరా అంటాయి. మభ్యపెట్టే మార్గాలు ఉన్నాయి, నెలనెలా విరుగుతుంటాయి, వాటి వెంట పరిగెత్తే ఓపిక ఉంటే అది వేరే హాబీ. శాంసంగ్‌లో అయితే నాక్స్ ఫ్యూజు (మార్పు జరిగిందని గుర్తుపెట్టుకునే చిప్‌లోని భాగం) శాశ్వతంగా పేలిపోతుంది. తర్వాత కంపెనీ రోమ్ తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్ లాంటివి రావు.

నన్ను అడిగితే

2012, 13 నాటి 1 జీబీ టాబ్లెట్: ఆండ్రాయిడ్ 7.1 దగ్గర ఆగే, పాత తరానికి చెందిన బిల్డ్, గూగుల్ లేకుండా. దాని మీద మెయిల్, బ్యాంకు ఏవీ పెట్టకండి. ఆటలాడుకునే మనసుంటే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్.

2 జీబీ, కెర్నల్ 3.18 లోపు: లీనియేజ్ 17.1 లేదా 18.1, అధికారికం ఆగిపోయినా. ఇదే కోడ్ మీద ప్యాచ్‌లు వేస్తూ బతికున్న మెయింటెయినర్ దొరికితే ఆయన బిల్డ్. పక్కనే ఆండ్రాయిడ్ 14 అనధికారికం కనిపించి నోరూరిస్తుంది. చూడండి, ఆశపడండి, వేయకండి.

3 జీబీ ఆపైన, 2018 తర్వాతది: అధికారిక లీనియేజ్, అది లేకపోతే /ఈ/ ఓఎస్, అదీ లేకపోతే జీఎస్ఐ. ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి ఉంచే టాబ్లెట్ అయితే లీనియేజ్ 20 తర్వాతి వెర్షన్లలో, పరికరం ఒప్పుకున్నచోట, ఛార్జింగ్ కంట్రోల్ ఉంటుంది. 80 దగ్గర ఆపేయండి, బ్యాటరీ ఉబ్బి తెర పైకి లేచే ముప్పు తగ్గుతుంది.

వేసే రోజు జాగ్రత్తలు కొన్నే. గూగుల్ ఖాతాను ముందే టాబ్లెట్ నుంచి తీసేయండి, లేకపోతే తర్వాత పాత పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. డేటా మోసే కేబుల్ వాడండి. ఒక సాయంత్రమంతా 'ఏడీబీ డివైసెస్' ఖాళీ జాబితా చూపిస్తుంటే డ్రైవర్లను మార్చి మార్చి అలసిపోయాను. తీరా చూస్తే ఆ మైక్రో యూఎస్‌బీ వైరు ఛార్జింగ్‌కు మాత్రమే పుట్టింది. బ్యాటరీ సగానికి పైగా ఉండాలి. రోమ్ పేజీలో ఏ రికవరీ చెప్పారో అదే వాడండి, అలవాటు కొద్దీ టీడబ్ల్యూఆర్‌పీ అనే వేరే రికవరీ పెట్టకండి. మొదటి బూట్ పది నిమిషాలు పట్టవచ్చు, మధ్యలో పవర్ బటన్ నొక్కకండి.

తర్వాత రెండు రోజులు ఏమీ తేల్చకండి. యాప్‌లు సర్దుకునే పని వెనకాల నడుస్తూనే ఉంటుంది. మూడో రాత్రి వైఫై ఆన్‌లో పెట్టి, స్క్రీన్ ఆపి, శాతం ఒక కాగితం మీద రాసి పడుకోండి. ఎనిమిది గంటల్లో ఆరు శాతం లోపు పోతే ఆ జిప్ ఫైలును కంప్యూటర్‌లో దాచుకోండి, తర్వాతి అప్‌డేట్ నచ్చకపోతే దాని నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. పది దాటితే లొకేషన్ సెట్టింగ్స్‌లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ ఆపి ఇంకో రాత్రి చూడండి. అప్పటికీ టాబ్లెట్ వెనక వెచ్చగానే ఉంటే దానికంటే ఒక వెర్షన్ పాత బిల్డ్ దించుకోండి.